మా ఇస్త్రీపెట్టెకు తెలిసిన అబద్ధాలు

మా చిన్నాయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోకుండా ఎవరి గడపా తొక్కడు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు అరటిపండ్లో బిస్కెట్లో పట్టుకొస్తారు, ఈయన టెస్టరు తెస్తాడు. కంటి దవాఖానలో చూపించుకుంటానని గద్వాల నుంచి వనపర్తికి వచ్చి, మా ఇంట్లో దిగి ఐదు రోజులైంది. డాక్టరు ఆయన కళ్ళు చూసింది పది నిమిషాలు. మిగిలిన కాలమంతా ఈయన మా ఇల్లు చూస్తున్నాడు. మొదటి రోజు ఫ్యాను రెగ్యులేటరు బాగుచేశాడు. ఇప్పుడది ఐదు మీద పెడితే నిద్రపోతూ, ఒకటి మీద పెడితే క్యాలెండరు ఎగిరిపోయేటట్టు తిరుగుతోంది. రెండో రోజు కాలింగ్‌బెల్లు బాగుచేశాడు. వీధిలో స్కూటరు పోయినా మోగుతోంది. మూడో రోజు మా ఆయన నాతో ఒక్క మాట కూడా అనకుండా మిక్సీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నలభై ఏళ్ళు మోటార్ల వైండింగు చేసిన మనిషి, గద్వాల చుట్టుపక్కల బోర్లలో సగం ఆయన చేతి మీదుగా నీళ్ళు పోసినవే. కానీ మోటారు తప్ప వేరే ఏ వస్తువు ఆయన చేతిలో పడినా దానికి ఆయువు తీరినట్టే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

నిన్న పొద్దున నేను అమ్మ చీర ఇస్త్రీ చేస్తున్నాను. గద్వాల చీర, నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు. అమ్మ పోయి మూడేళ్ళయినా దాన్ని కట్టుకోలేదు. చిన్నాయన మనవరాలి పుట్టువెంట్రుకలకు కట్టుకుందామని ఇప్పుడు తీశాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇస్త్రీపెట్టె పిడి కింద ఎర్ర లైటు టిక్కుమని ఆరింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"లైటు ఆరిపాయె," అన్నాడు.

"ఆరుతది చిన్నాయినా."

"ఎందుకారుతది? కొత్తదే గద. జర ఇటు తే, చూస్త."

స్క్రూడ్రైవరు అప్పటికే చేతిలో ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దాన్ని ముట్టినవంటే ఇప్పుడే నిన్ను గద్వాల బస్సెక్కిస్త," అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. పెట్టెను అటునుంచి ఇటునుంచి చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కింద కూడా ఇదే లైటు, ఇదే మాట. స్క్రూడ్రైవరు కూడా అదేనేమో, చెప్పలేను.

అప్పట్లో మాకు గద్వాలలో రెండు గదుల ఇల్లు. వేసవిలో ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె అవసరమే లేదని నేను ఇప్పటికీ అంటాను. తడిబట్టను వాకిట్లో బండ మీద పరిచి, దాని మీద మా నాయినమ్మను కాసేపు కూర్చోబెడితే మడతలు పడి లేచేది. నాయిన బస్సు కండక్టరు. వారంలో ఒక్కరోజు ఇంట్లో కనిపించేవాడు, ఆ ఒక్కరోజూ నిద్రపోయేవాడు. మిగిలిన ఇల్లంతా మా నాయినమ్మది. ఆమెను అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ పొద్దున లేవగానే ఇంట్లో అందరూ చేసే పనుల్లో తప్పులు వెతికి, సాయంత్రానికల్లా వాటికి తీర్పులు చెప్పేది. ఎప్పుడూ కొంగున వేయించిన పల్లీలు, బెల్లం ముక్క ముడేసుకుని ఉండేది. షుగరు ఉందని దవాఖానలో చెప్పినప్పటి నుంచి ఆ బెల్లం సంగతి ఎవరు అడిగినా ఒప్పుకునేది కాదు. చిన్నాయన నర్సింలు అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు, ఏ పనిలోనూ మూడు నెలలు నిలవనివాడు. అమ్మ సంగతికొస్తే, ఆమె వేరేవాళ్ళ వాకిళ్ళలో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. నూలు దుమ్ముకు రాత్రంతా దగ్గేది.

అమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే, బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఇత్తడిది, మూత కొక్కేనికి కోడిపుంజు బొమ్మ ఉండేది. దానితో ఆమె నాయిన ఖాకీ బట్టలు చేసేది, వాడకట్టు ఆడవాళ్ళ పెళ్ళి చీరలు కూడా చేసేది. గద్వాల చీర ఇస్త్రీ చేయడమంటే ఒక చీరను చేయడం కాదు, రెండింటిని చేయడం. నూలుకు కాక కావాలి, లేకపోతే ముడత పోదు. పట్టుకు ఆ కాక తగిలితే ముడుచుకుపోతుంది. రెండూ ఒకే గుడ్డలో, బెత్తెడు దూరంలో. అమ్మ తుమ్మబొగ్గులు రాజేసి, పక్కన చెంబులో నీళ్ళు పెట్టుకుని, రెండు వేళ్ళు ముంచి పెట్టె అడుగున చిలకరించేది. చుక్క కాసేపు కూర్చుని నిదానంగా ఇగిరిపోతే అంచులూ కొంగూ చేసేది. చుక్క చుయ్యిమని గెంతితే నూలు ఒంటి మీదికి పోయేది. కాక ఎక్కువైతే బొగ్గుల మీద పిడికెడు బూడిద చల్లేది, పెట్టెను తడి గోనె మీద ఒకసారి నడిపించేది. ఇవన్నీ చేస్తూనే అవ్వ తీర్పులు వినేది, పొయ్యి మీద అన్నం చూసేది. చెంబూ బూడిదా గోనే, ఆమె రెండు వేళ్ళూ కలిస్తే ఇప్పటి కంపెనీలు అమ్ముకునే పరికరం అంతా అయిపోయింది.

మగ్గాల సావుకారి భార్య చీర ఒకటి అట్లా అమ్మ చేతి మీదుగా పోయింది. వారానికి సావుకారి కబురు పెట్టాడు. నేసి దింపిన చీరలకు మడతలేసి ఇస్త్రీ పట్టే పని, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ముందు ఐదు చీరలు ఇస్తాడు, అవి చూసి పని ఇచ్చేదీ లేనిదీ చెప్తాడు. ఆ వారం రోజులూ అమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం నాతో, "ఈ పని గిట్ల దొరికిందనుకో, కండెల కాడికి మళ్ళ పోను పిల్లా," అంది. అంతకు ముందు కానీ ఆ తరువాత కానీ తనకు ఏదైనా కావాలని ఆమె చెప్పగా నేను వినలేదు.

నాయిన కూడా ఆ మాట ఎక్కడో విన్నట్టున్నాడు. రాయచూరు డ్యూటీకి పోయి కరెంటు ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చాడు. మా వాడకట్టులో అదే మొదటిది. పిడి కింద తిప్పే గుండ్రటి బిళ్ళ, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివి వినిపించాను. ఒక చోట పట్టు, ఒక చోట నూలు, రెండింటి నడుమ ఉన్ని. మన చీరకు బిళ్ళ ఎక్కడ పెట్టాలని అమ్మ అడిగింది. "సగం పట్టు, సగం నూలు గద, నడుమ పెట్టు," అని అవ్వ తీర్పు చెప్పింది. మా ఊళ్ళో ఉన్నిది ఏదైనా ఉందంటే గొంగడి ఒక్కటే, దాన్ని ఇస్త్రీ చేసే మనిషి ఇంకా పుట్టలేదు. పెట్టె తయారుచేసినవాళ్ళకు గద్వాల ఒకటి ఉందనే తెలియదని నాకు అప్పుడే అనిపించింది.

పెట్టె కాసేపు కాగగానే లైటు టిక్కుమని ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. దీని లోపలి సంగతి నాకు తరువాత ఎన్నో ఏళ్ళకు తెలిసింది. లోపల వేలెడు పట్టీ ఒకటి ఉంటుంది. రెండు రకాల లోహపు రేకులను వీపుకు వీపు అతికించి చేస్తారు. వేడి తగిలితే ఒక రేకు ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. మా అవ్వా అమ్మా ఒక ఇంట్లో ఉన్నట్టే అనుకోండి. ఒకరికి చప్పున కాక ఎక్కుతుంది, ఇంకొకరికి నిదానంగా ఎక్కుతుంది, విడిపోయే వీలు లేదు. ఏం చేస్తారు, ఇద్దరూ కలిసి ఒక పక్కకు వంగుతారు. పట్టీ వంగగానే కరెంటు వచ్చే చోట అంటుకుని ఉన్న బొడిపె ఎడం అవుతుంది, కరెంటు ఆగుతుంది, లైటు ఆరుతుంది. పెట్టె చల్లబడితే పట్టీ మళ్ళీ తిన్నగవుతుంది, బొడిపె అంటుకుంటుంది, లైటు వెలుగుతుంది. బిళ్ళ తిప్పినప్పుడు లోపల ఒక స్క్రూ ఆ పట్టీని నొక్కుతుంది. స్క్రూ ఎక్కువ నొక్కితే, పెట్టె ఎక్కువ కాగితే తప్ప బొడిపె ఎడం కాదు. ఇంతే దాని విద్య. అంటే లైటు ఆరడం దాని జబ్బు కాదు, అదే దాని ఆరోగ్యం.

అమ్మకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు చెంబు పక్కన పెట్టుకుని చూసింది. బిళ్ళ పట్టు మీద పెట్టి, లైటు ఆరగానే నీళ్ళు చిలకరించింది. చుక్క నిదానంగా కూర్చుంది. "ఇది నా లెక్కనే చేస్తున్నది," అంది. "సాలనుకున్న కాడ అదే ఆగుతది." ముందు బిళ్ళ పట్టు మీద ఉంచి అంచులూ కొంగూ చేయాలి, ఆ తరువాత పెంచి నూలు చేయాలి. అంతటితో గద్వాల చీర చిక్కు విడిపోయింది. మూడో రోజు నుంచి చెంబు పక్కన పెట్టుకోవడం మానేసింది. లైటు ఆరిందంటే నమ్మేది.

ఇక్కడ నేను నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పదకొండేళ్ళ దాన్ని, కరెంటు పెట్టె చూడడానికి వాడకట్టు ఆడవాళ్ళూ పిల్లలూ మా ఇంటికి వస్తున్నారు, వాళ్ళకు మామూలు సంగతి చెప్పడం నాకు చేతకాలేదు. ఇది అబద్ధాన్ని పసిగడుతుందని చెప్పాను. దీని ముందు ఎవరైనా అబద్ధం ఆడితే లైటు ఆరిపోతుందని, రాయచూరులో పోలీసులు దొంగలను దీని ముందు కూర్చోబెట్టే పట్టుకుంటారని చెప్పాను. లైటు వెలిగిన తరువాత ఎంతసేపటికి ఆరుతుందో మనసులో లెక్కపెట్టి పెట్టుకున్నాను. సరిగ్గా ఆ లెక్క దగ్గరపడేటప్పుడు ప్రశ్న అడిగేదాన్ని. ఒక సాయంత్రం ఆరేడుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా అవ్వను అడిగాను.

"అవ్వా, పొద్దున బెల్లం తిన్నవా?"

"నేనెందుకు తింటనే. పండుగ నాడు ముట్టిన, మళ్ళ ముట్టలే."

టిక్.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో పెట్టుకుని నవ్వారు. ఒకామె, "అత్తా, పెట్టెకు నీ సంగతి ఎరుకైంది," అంది. అవ్వ లేచి నిలబడింది. "దీనికి నాలుగు దినాలైతలేదు ఇంటికొచ్చి. నా బెల్లం ముచ్చట దీనికెట్ల తెలుస్తది?" అంది. ఆ మాటతో ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది అందరికీ. మూడు రోజులు అవ్వ ఇస్త్రీపెట్టె ఉన్న గదిలోకి రాలేదు. తప్పనిసరై వస్తే నోరు మూసుకుని వచ్చి, నోరు మూసుకుని పోయేది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం మళ్ళీ ఎన్నడూ లేదు. అమ్మకు లోలోపల నచ్చినట్టే ఉంది కానీ పైకి నన్ను తిట్టింది.

నాలుగో రోజు అమ్మ ఐదు చీరలు తేవడానికి సావుకారి ఇంటికి పోయింది. అవ్వ చిన్నాయనను పిలిచింది.

"నర్సింలూ, ఆ లైటు ఆరకుంట చెయ్యిరా. నలుగుట్ల నా ఇజ్జతు తీస్తున్నది."

చిన్నాయన ఆ రోజుల్లో గొప్ప సంతోషంలో ఉన్నాడు. మోటారు వైండింగు దుకాణంలో చేర్పిస్తానని సావుకారే మాటిచ్చాడు. ఆ దుకాణం సావుకారి బావమరిదిది. పనిలో చేరకముందే మెకానిక్ అయిపోయినట్టు నడుస్తున్నాడు. పెట్టె పైభాగం విప్పి లోపలికి చూశాడు. పెట్టె ఇంకా వేడిగానే ఉంది, పట్టీ వంగి ఉంది.

"ఇగో చూడు," అన్నాడు నాతో. "రేకు వంగిపోయింది. గందుకే ఆరుతున్నది. రాయచూరోడు ఖరాబు మాలు అంటగట్టిండు అన్నకు."

పట్టకారుతో పట్టీని తిన్నగా వంచాడు. స్క్రూను రెండు చుట్లు బిగించాడు. మళ్ళీ మూసి ప్లగ్గు పెట్టాడు. లైటు వెలిగింది, వెలుగుతూనే ఉంది. అవ్వ వచ్చి ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చుంది. "నేను బెల్లం ముట్టలే," అంది. లైటు ఆరలేదు. "కోడలిని ఎన్నడు ఒక్క మాట అనలే," అంది. ఆరలేదు. "నా మొగుడు నన్ను పూలల్ల పెట్టి సాకిండు," అంది. ఆరలేదు. చిన్నాయన వీపు తట్టి, కొంగు ముడి విప్పి, మా ఇద్దరి ముందే బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. చిన్నాయన ప్లగ్గు తీసేసి, ఈ సంగతి వదినెకు చెప్పొద్దని, పని చూసి ఆమే సంతోషపడుతుందని నాతో అన్నాడు. నేను చెప్పలేదు. చెబితే అసలు ఈ లైటు గొడవ ఎక్కడ మొదలైందనే మాట వస్తుంది కదా.

అమ్మ చీరలు తెచ్చింది. కాళ్ళు కడుక్కుంది, నేల మీద దుప్పటి పరిచింది, బిళ్ళను పట్టు మీద పెట్టి ప్లగ్గు పెట్టింది. మొదటి చీర అంచు మీద పాత ధోవతి ముక్క పరుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"లైటు ఆరిందా పిల్లా?"

లైటు నిండుగా వెలుగుతోంది. ఆరలేదంటే ఎందుకు ఆరలేదని అడుగుతుంది. "ఆరిందమ్మా," అన్నాను.

నా బతుకులో నేను ఎన్ని కల్లబొల్లి కథలు చెప్పానో లెక్కలేదు. వినేవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఒక్క మాటకు మాత్రం ఈనాటికీ నవ్వు రాలేదు. అమ్మ పెట్టెను అంచు మీద పెట్టింది. ముందు ధోవతి ముక్క మాడిన వాసన, వెంటనే వెంట్రుకలు కాలిన వాసన. పట్టు కాలితే అచ్చం వెంట్రుకలు కాలినట్టే ఉంటుంది. పక్క గదిలోంచి అవ్వ, "ఎవరే జుట్టు కాల్చుకుంటున్నరు," అంది. అమ్మ పెట్టె ఎత్తేసరికి అంచు మీద అరచేయంత గోధుమరంగు ముక్కోణం పడి ఉంది, జరీ లవంగంలా నల్లబడింది. అమ్మ అరవలేదు. గూట్లో ఉన్న మంచినీళ్ళ గ్లాసు అందుకుని, వేళ్ళు ముంచి పెట్టె అడుగున చిలకరించింది. చుక్కలు గోలీల్లా పరుగెత్తాయి. లైటును చూసింది, నన్ను చూసింది.

"ఆరిందంటివి గద," అంది.

అప్పుడు అన్నీ చెప్పాను, బెల్లంతో మొదలుపెట్టి స్క్రూ దాకా. ఆమె విన్నంతసేపూ ఆ చీరను అరచేత్తో నిమురుతూనే ఉంది, నిమిరితే రంగు తిరిగి వస్తుందేమో అన్నట్టు. చివరికి, "మీ చిన్నాయినకు చెప్పకు," అని మాత్రం అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె పని పోయేటట్టుంది, చెడగొట్టినవాడు వాకిట్లో కూర్చుని ఈల వేస్తున్నాడు, అవ్వ బెల్లం తింటోంది, ఎవరినీ ఏమీ అనొద్దట.

మర్నాడు పొద్దున సావుకారి ఇంటికి అమ్మతో నేనూ పోయాను. ఆయన చీర విప్పి, మచ్చ చూసి, గోటితో గీకాడు.

"ఏం శంకరమ్మా, ఎట్లయింది గిట్ల?"

"బిళ్ళ తప్పు తిప్పిన అయ్యా. కొత్త పెట్టె, తెలియక."

"నువ్వే తిప్పినవా? మీ నర్సింలు ఏమన్న చెయ్యి పెట్టిండా? ఆడు కనిపించిందల్ల విప్పుతడంట గద."

"ఆడు ముట్టనే లేదు. నేనే."

ఆయన నా వైపు చూశాడు. నేను అమ్మ కాళ్ళ వైపు చూశాను. సావుకారి ఆ చీరను మడత పెట్టి అమ్మ ముందే పెట్టాడు. ఇది ఇక ఎవరూ కొనరు, నువ్వే కట్టుకో అన్నాడు. మిగిలిన నాలుగూ బొగ్గుల పెట్టెతో చేసి తెమ్మన్నాడు, అవి బాగుంటే పని ఇస్తానన్నాడు, ఆ కరెంటుది మాత్రం తన చీరల దగ్గర కనిపించకూడదన్నాడు. నాలుగూ బాగానే వచ్చాయి. అమ్మకు పని దొరికింది. చిన్నాయన ఆ నెలలోనే వైండింగు దుకాణంలో చేరాడు, జీవితంలో మొదటిసారి ఒక పనిలో నిలబడ్డాడు. కరెంటు పెట్టె ఊరగాయ జాడీ మీద బరువుగా కుదురుకుంది. సావుకారి బతికి ఉన్నన్నాళ్ళూ, అంటే నా పెళ్ళయి నాకు పిల్లలు పుట్టేదాకా, అమ్మ ఆ బొగ్గుల పొగలోనే కూర్చుంది. కండెల దుమ్ము తప్పింది, పొగ మిగిలింది. ఎవరైనా కండ్లు ఎందుకు ఎర్రగున్నాయని అడిగితే ఉల్లిగడ్డలు కోసిన అనేది. ఆ మచ్చ చీరను పండుగలకు కట్టుకునేది, మచ్చ ఉన్న చోటును కుచ్చిళ్ళలోకి మడిచి బొడ్లో దోపుకునేది. ఎవరికీ కనిపించేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న పెట్టె ఆవిరి వదులుతుంది, పట్టు ఏదో నూలు ఏదో దానంతట అదే కనిపెడుతుందని డబ్బా మీద రాసి ఉంది. మా అమ్మాయి దాన్ని ఆన్ చేసి ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. చుక్క చిలకరించడం ఏంటమ్మా, షాక్ కొడుతుంది అంటుంది. ఒకప్పుడు ఒక మనిషి రెండు వేళ్ళలో ఉన్న తెలివిని ఇప్పుడు వేలెడు పట్టీలో పెట్టారు, సంతోషమే. కానీ పట్టీ ఎవరి తప్పునూ తన మీద వేసుకోదు కదా.

నిన్న నేను చీర రెండో మడత విప్పేసరికి మచ్చ బయటపడింది. కప్పేద్దామనుకున్నాను కానీ చిన్నాయన ఆ పొర కమ్మిన కంటితోనే చూసేశాడు. స్క్రూడ్రైవరు పట్టుకున్న చేయి ఒళ్ళో పడింది. పెట్టె లైటు ఆరడం, మళ్ళీ వెలగడం అప్పటికి నాలుగైదుసార్లు చూశాడు. అవతల అంచుకు ఏమీ కాలేదు, అదీ చూశాడు.

"అంటే, ఆరుడే దాని పనా సువర్ణా?" అన్నాడు.

"ఊఁ."

నలభై ఏళ్ళు మోటార్లు విప్పిన మనిషి, ఆ ఒక్క పట్టీని మనసులో మళ్ళీ విప్పుతున్నట్టున్నాడు.

"బిళ్ళ తప్పు తిప్పిన అని చెప్పింది నాకు వదినె. సావుకారికి కూడ గట్లనే చెప్పింది. నిజంగ ఆమెనే తిప్పిందా, లేకుంటే నేను బిగించినందుకా?"

ఐదు రోజులుగా ఈ మనిషి మీద నాకు పేరుకున్న విసుగంతా ఒక్కసారిగా పొంగింది. ఫ్యానూ, బెల్లూ, అమ్మ కళ్ళూ అన్నీ ఒకేసారి గుర్తుకొచ్చాయి. చెప్పేయాలనుకున్నాను.

"అమ్మనే తిప్పింది చిన్నాయినా. నువ్వు బిగిచ్చిందాన్ల ఏం లేదు."

టిక్.

ఆయన లైటు వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. స్క్రూడ్రైవరు తీసి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. పెట్టె చల్లబడి లైటు మళ్ళీ వెలిగేలోపు నేను ఆ మచ్చ ఉన్న చోటును లోపలికి మడిచాను.